తోకచుక్క వెలుగులో దుమ్మెంత, వాయువెంత?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో, సౌరకుటుంబం బయటి నుంచి వచ్చిన 3ఐ/అట్లాస్ తోకచుక్క మీద పెద్ద వ్యాసం వేశారు. సగం పేజీ బొమ్మే. పైన ఎర్రటి అక్షరాల్లో ‘విషవాయువు’ అని శీర్షిక. లోపల ఎక్కడో దాని ప్రకాశం ఇంత అంటూ ఒకే ఒక్క అంకె. నేను బొల్లారం పారిశ్రామికవాడలో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ కెమిస్టుని. ఏ తరంగదైర్ఘ్యం దగ్గర కొలిచారో రాయని అంకె కింద మా దగ్గర ఎవరూ సంతకం పెట్టరు. మీ వ్యాసం చదివినప్పటి నుంచి ఆ అంకె నన్ను పీకుతూనే ఉంది.

ముందు విషం సంగతి తేల్చేద్దాం. మా అత్తమ్మ ఆ శీర్షిక చదివి, “ఇది మన దిక్కు వస్తదా ఏందే?” అని భయపడింది. రాదు. 2025 డిసెంబర్ 19న భూమికి అన్నిటికన్నా దగ్గరైనప్పుడు కూడా మధ్య దూరం దాదాపు 27 కోట్ల కిలోమీటర్లు. మీరు విషమన్నది సీఎన్, అంటే సయనోజన్ ముక్క. ఎక్కువగా హైడ్రోజన్ సయనైడ్ అణువు ఎండకు విరిగినప్పుడు పుడుతుంది. ఇది ఈ కొత్త అతిథి ఒక్కదానికే ఉన్న గుణమేమీ కాదు, దాదాపు ప్రతి తోకచుక్కలోనూ కనిపించేదే. 1910లో హేలీ తోకచుక్క వర్ణపటంలో సయనోజన్ కనబడిందని పత్రికలు రాశాయి. మే నెలలో భూమి దాని తోకలోంచి వెళ్తుందనేసరికి అమెరికాలో ‘తోకచుక్క మాత్రలు’ అమ్మిన ఘనులున్నారు. మాత్రల వ్యాపారంలో ఉన్నదాన్ని కాబట్టి ఆ ముచ్చట నాకు బాగా గుర్తు. తోక దాటిపోయింది, ఎవరికీ ఏమీ కాలేదు. 115 ఏళ్ళ తర్వాత మళ్ళీ అదే శీర్షికా?

ఇక అంకె గురించి. తోకచుక్క తల నుంచి మనకు చేరే వెలుగు రెండు దారుల్లో వస్తుంది. దుమ్ము మీద పడి చెదిరి వచ్చే ఎండ ఒకటి. అది అన్ని రంగుల్లోనూ పరుచుకుని ఉంటుంది. రెండోది వాయువులు ఎండను మింగి, తమ తమ పట్టీల్లో, అంటే కొన్ని తరంగదైర్ఘ్యాల దగ్గర మాత్రమే, తిరిగి వెదజల్లే వెలుగు. సీఎన్ 387 నానోమీటర్ల దగ్గర మెరుస్తుంది, మూడు కార్బన్ పరమాణువుల సీ3 405 దగ్గర, రెండు కార్బన్ పరమాణువుల సీ2 514 చుట్టుపక్కల. నీరు విరిగితే వచ్చే ఓహెచ్ 309 దగ్గర. మామూలు కెమెరాతో తీసిన ప్రకాశంలో ఇవన్నీ కలగాపులగంగా ఉంటాయి. దుమ్ము ఎక్కువై వాయువు తక్కువైనా, వాయువు ఎక్కువై దుమ్ము తక్కువైనా, చివరికి అదే అంకె రావచ్చు.

అందుకే నారోబ్యాండ్ ఫిల్టర్లు వాడతారు. ఒక్కో ఫిల్టరూ కొద్ది నానోమీటర్ల వెడల్పున్న సన్నని పట్టీని మాత్రమే వదులుతుంది. కానీ 387 ఫిల్టర్ పెట్టినంత మాత్రాన సీఎన్ ఒక్కటే రాదు, ఆ పట్టీలోకి దుమ్ము వెలుగూ దూరుతుంది. మా ల్యాబులో మందు ఎంతుందో చూసే ముందు మందు లేని ద్రావణాన్ని, అంటే బ్లాంకును, కొలిచి తీసేస్తాం కదా, ఇక్కడా అదే పని. తోకచుక్కల వాళ్ళు వాయువుల పట్టీలు దాదాపుగా లేని చోట్లు వెతికి, నీలంలో 445 దగ్గర, ఆకుపచ్చలో 526 దగ్గర విడిగా ఫిల్టర్లు పెట్టుకున్నారు. అక్కడ వచ్చేది దుమ్ము వెలుగే. దాన్నిబట్టి 387 దగ్గర దుమ్ము వాటా ఎంతో లెక్కగట్టి తీసేస్తారు.

ఇందులో ఒక మెలిక ఉంది, నాకు చాలా నచ్చిన మెలిక. 445 దగ్గర కొలిచిన దుమ్మును ఉన్నదున్నట్టు 387 దగ్గర తీసేయకూడదు. సూర్యకాంతి ఆ రెండు చోట్లా ఒకేలా ఉండదు, పైగా దుమ్ము దాన్ని కాస్త ఎరుపు వైపు తిప్పుతుంది. అందుకని అచ్చం సూర్యుడిలాంటి నక్షత్రాన్ని, ఉదాహరణకు హంస రాశిలోని 16 సిగ్ని బీని, అదే రాత్రి అవే ఫిల్టర్లతో కొలిచి, దుమ్ము తగలని ఎండ ఆ రెండు చోట్లా ఎంతుంటుందో చూసుకుంటారు. దుమ్ము బాగా ఉన్న తోకచుక్కయితే రెండు పెద్ద అంకెల తేడాలో చిన్న అంకె మిగులుతుంది. బ్లాంకే ఎక్కువ చదివితే ఏమవుతుందో ఏ అనలిస్టునైనా అడగండి, నిద్ర పట్టదు.

ఫిల్టర్లకూ వయసొస్తుంది. హేలీ 1985-86లో వచ్చినప్పుడు ప్రపంచమంతా ఒకే కొలతకు రావాలని అంతర్జాతీయ హేలీ వాచ్ వారు ఒకే రకం ఫిల్టర్లు పంచారు. కాలం గడిచేసరికి అవి పాడవడం మొదలైంది. ఆ తర్వాత హేల్-బాప్ తోకచుక్క పేరుతో కొత్త సెట్టు తయారైంది: అయిదు వాయువులకు, రెండు అయాన్లకు, దుమ్ము కోసం నాలుగు చోట్లకు కలిపి పదకొండు ఫిల్టర్లు. ఫార్నమ్, ష్లైకర్, అహెర్న్ అనే ముగ్గురు 2000లో దాని కొలతలన్నీ ప్రచురించారు. చిలీలోనూ మొరాకోలోనూ ఉన్న 60 సెంటీమీటర్ల ట్రాపిస్ట్ టెలిస్కోపులు ఇలాంటి ఫిల్టర్లతోనే తోకచుక్కలను పట్టుకు వేలాడుతుంటాయి. అంటే ఈ పనికి కొండంత టెలిస్కోపు అక్కర్లేదు. ఓహెచ్ ఒక్కటే మొండిది. 309 దగ్గర వెలుగును మామూలు గాజు తినేస్తుంది కాబట్టి మేం ద్రావణం పోసి కొలవడానికి క్వార్ట్జ్ క్యూవెట్ (చిన్న గిన్నె) తీస్తాం, ఆకాశంలోనైతే ఓజోన్ తినేస్తుంది. ఎత్తైన కొండ మీద, తోకచుక్క నడినెత్తికి దగ్గరగా ఉన్నప్పుడు కొలిస్తేనే కాస్త మిగిలేది.

ఇంత తంటా ఎందుకంటారా? 1995లో అహెర్న్ బృందం 85 తోకచుక్కల కొలతలు ఒకచోట పెట్టి చూస్తే, చాలా వాటిలో వాయువుల పాళ్ళు ఒకేలా ఉన్నాయి. కొన్నింటిలో మాత్రం సీ2, సీ3 బాగా తగ్గిపోయాయి. అలా తగ్గినవి ఎక్కువగా బృహస్పతి కుటుంబపు తోకచుక్కలే, అంటే బృహస్పతి ఆకర్షణకు లోబడి చిన్న కక్ష్యల్లో తిరిగేవి. 96పీ/మాక్‌హోల్జ్ అని మరొకటుంది. నీటితో పోల్చి చూస్తే దానిలో సీఎన్ మామూలు తోకచుక్కల కంటే 72 రెట్లు తక్కువని ష్లైకర్ 2008లో రాశారు. ఎక్కడో వేరే నక్షత్రం దగ్గర పుట్టి వచ్చిందా అన్న అనుమానం కూడా అక్కడి నుంచే లేచింది. మొత్తం ప్రకాశం ఒక్కటే చూసి ఉంటే మాక్‌హోల్జ్ పదితో పాటు పదకొండోది, అంతే. మీ వ్యాసంలోని 3ఐ/అట్లాస్‌లో కూడా సూర్యుడి వైపు వస్తున్నప్పుడు సీ2 బాగా తక్కువని తేలింది. సూర్యుడిని చుట్టి వెళ్ళాక నవంబర్ చివర్లో హవాయిలోని జెమినీ నార్త్ టెలిస్కోపు తీసిన బొమ్మల్లో ఆకుపచ్చ ఛాయ, అంటే సీ2 వెలుగు, కనిపించింది. అసలు కథ అక్కడుంది, మీరు విషం దగ్గర ఆగిపోయారు.

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది 41పీ అనే తోకచుక్క. పూర్తి పేరు టటిల్-జియాకొబిని-క్రెసాక్, నోరు తిరగదు. కిలోమీటరున్నర కూడా ఉండని గడ్డ. 2017 మార్చిలో అరిజోనాలోని లోవెల్ అబ్జర్వేటరీ వాళ్ళు 4.3 మీటర్ల టెలిస్కోపుకు సీఎన్ ఫిల్టర్ పెట్టి వరసగా బొమ్మలు తీశారు. దుమ్మును తీసేశాక, గడ్డలోంచి చిమ్మే వాయుధారలు సుడి తిరుగుతూ కనిపించాయి. అదే ఆకారం మళ్ళీ ఎప్పుడు వస్తోందో చూస్తే గడ్డ తన చుట్టూ తాను ఎంతసేపటికి తిరుగుతోందో తెలిసిపోతుంది. అప్పుడు 20 గంటలు. మే నెలలో స్విఫ్ట్ ఉపగ్రహం కొలిచేసరికి 46 గంటలు దాటింది! రెండు నెలల్లో తిరుగుడు సగానికి పైగా మందగించింది. ఆ ధారలే తిరిగే దిక్కుకు ఎదురు తోసి బ్రేకు వేశాయన్నమాట. ఒక తోకచుక్క ఇంత త్వరగా నెమ్మదించడం అంతకు ముందు ఎవరూ చూడలేదు. ఆ సుడిని కళ్ళకు కట్టింది దుమ్మును పక్కకు నెట్టిన ఆ ఫిల్టరే.

మరి కంటితో చూసేవాళ్ళ అంకెలు పనికిరావా అంటే, వస్తాయి, ఎలా చూశారో చెబితే. 2023 ఫిబ్రవరి మొదట్లో జెడ్‌టీఎఫ్ తోకచుక్కను చూడ్డానికి మేం కొందరం వికారాబాద్ అనంతగిరి వైపు వెళ్ళాం. బైనాక్యులర్లో నేను వేసిన అంచనాకూ పక్కనున్న స్నేహితుడి కెమెరా లెక్కకూ పొంతన లేదు. రెండూ సరైనవే. చీకటికి అలవాటుపడిన కన్ను 507 నానోమీటర్ల దగ్గర బాగా చూస్తుంది, సీ2 వెలుగుకు అది పక్కిల్లు. ఫిల్టర్ లేని కెమెరా ఎర్రటి దుమ్మును కూడా బాగా లాగేస్తుంది. పైగా తోకచుక్క తలకు అంచంటూ ఉండదు, ఎంత పెద్ద వలయం గీసి కొలిస్తే అంత వెలుగు. ఈ వలయం గొడవ తప్పించడానికే 1984లో అహెర్న్ బృందం దుమ్ముకు ‘ఎ-ఎఫ్-రో’ అనే కొలత తెచ్చింది. దాన్ని సెంటీమీటర్లలో చెబుతారు. వింతగానే ఉంటుంది గానీ పని చేస్తుంది.

నా మనవి ఇదీ. ఇకపై తోకచుక్క వార్త వేసినప్పుడు ప్రకాశం అంకె పక్కన కన్నా, కెమెరానా, ఏ ఫిల్టరా అని రెండు మాటలు చేర్చండి. దొరికితే దుమ్ము వేరుగా, వాయువు వేరుగా ఇవ్వండి. విదేశీ ఏజెన్సీ వార్త మీదే ఆధారపడనక్కర్లేదు. మౌంట్ ఆబూలో ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ వారి 1.2 మీటర్ల టెలిస్కోపు ఉంది, లదాఖ్‌లోని హాన్లేలో 4,500 మీటర్ల ఎత్తున రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపు ఉంది. తోకచుక్కల మీద పనిచేసేవాళ్ళు మన దేశంలోనే ఉన్నారు, ఒక్క ఫోను చేయండి. మనకు ఈ విషయం పరాయిదీ కాదు. 1949లో హార్వర్డ్‌లో చదువుతూ బాప్-బాక్-న్యూకిర్క్ తోకచుక్కను కనిపెట్టిన వేణు బాప్ పెరిగింది హైదరాబాదులోనే, ఆయన తండ్రి పనిచేసింది నిజామియా అబ్జర్వేటరీలో.

మరొకటి మర్చిపోయాను. బొమ్మ కింద ‘ఆకుపచ్చని తోక’ అని వేశారు. తోక ఆకుపచ్చగా ఉండదు. ఆకుపచ్చ రంగునిచ్చే సీ2ను ఎండ ఒకటి రెండు రోజుల్లోనే విరగ్గొట్టేస్తుంది, తోక దాకా చేరే లోపే అయిపోతుంది. ఇది అలా విరిగే తీరును 2021లో సిడ్నీలో ల్యాబులోనే చూపించారు. మీ బొమ్మలో కూడా పచ్చగా ఉన్నది తలే, జాగ్రత్తగా చూడండి. ఆన్‌లైన్ ప్రతిలోనైనా ఆ వాక్యం మార్చగలరు.

ఇట్లు,
ఒక క్యూసీ కెమిస్టు,
బొల్లారం, సంగారెడ్డి జిల్లా
(కంపెనీలో ఉద్యోగం కాబట్టి పేరు వేయవద్దని మనవి)