ఆ రాత్రి నా పక్కన నిలబడ్డవాళ్ళకు

పేరు రాయడం లేదు. మా వీధిలో సగం మందికి నా సంగతి తెలియదు, తెలియనక్కర్లేదు. కానీ థాంక్స్ చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

నాకు హెచ్‌ఐవీ ఉంది, పద్నాలుగేళ్ళుగా దాన్ని అణచి ఉంచే ఏఆర్‌టీ మందులు వాడుతున్నాను. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో ఆ లెక్క, ఎప్పుడు చూసినా కనిపించనంత తక్కువ. ఇంకేం భయం అనుకున్నాను. బీడీ మాత్రం మానలేదు. పోయిన నెల ఒక రాత్రి మిర్చి యార్డు నుంచి ఇంటికొచ్చాక గుండె మీద బండ పెట్టినట్టు బరువు, దవడ లాగడం, ఒళ్ళంతా చెమట. గ్యాస్ అనుకుని సోడా తాగాను, గ్యాస్ సిరప్ రెండు మూతలు పోసుకున్నాను. అలా గంటన్నర పోయింది.

పక్కింటి ఆటో తమ్ముడూ, నువ్వు నా మాట వినకుండా లాక్కెళ్ళావు కాబట్టి ఇది రాస్తున్నాను. మొదట వెళ్ళిన ప్రైవేటు ఆసుపత్రిలో ఈసీజీ తీసి గుండెపోటన్నారు. నేను వాడే మందుల పేరు చెప్పగానే మాట మారింది, ఖాళీ లేదన్నారు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళ సంఘం పాజిటివ్ నెట్‌వర్క్ అక్క ఫోన్‌లోనే వాళ్ళకు 2017 చట్టం గుర్తుచేసింది, హెచ్‌ఐవీ ఉందని వైద్యం నిరాకరించకూడదని. వాదించే టైమ్ కాదని తనే 108కి చెప్పింది. అక్కా, ఆ నిర్ణయం మీదే.

108 తమ్ముళ్ళకు, ప్రభుత్వాసుపత్రిలో రాత్రి డ్యూటీ సిస్టర్‌కు, స్టెంట్ వేసిన డాక్టరు గారికి చేతులెత్తి దణ్ణం. నా ఫైలు చదివి కూడా ఎవరూ ఒక అడుగు వెనక్కి వేయలేదు. నాకైతే స్టెంట్ కన్నా అదే పెద్ద వైద్యం అనిపించింది.

డాక్టరు గారు మర్నాడు మంచం పక్కన కూర్చుని చెప్పారు. మందులు వైరస్‌ను అణచి ఉంచుతాయి గానీ లోపల నివురుగప్పిన నిప్పులా వాపు మిగిలి ఉంటుందట, అది రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తుందట. మిగతావాళ్ళతో పోలిస్తే మాకు గుండెజబ్బు ముప్పు దాదాపు రెట్టింపు. అలాగని ఏఆర్‌టీ ఆపితే ఆ ముప్పు ఇంకా పెరుగుతుందని 2006లోనే ఒక పెద్ద పరిశోధనలో తేలిందట. 2023లో వచ్చిన ఇంకో దాంట్లో మన దేశంతో సహా 12 దేశాల నుంచి హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళు 7,769 మంది ఉన్నారు. అందరూ 40 దాటినవాళ్ళే, గుండెజబ్బు ముప్పు మరీ ఎక్కువగా లేనివాళ్ళే. రోజూ పిటావాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మాత్ర వేసుకున్నవాళ్ళలో గుండెపోటు, పక్షవాతం లాంటివి 35 శాతం తగ్గాయట. నాకిప్పుడు అదే రకం మాత్ర అటోర్వాస్టాటిన్ రాశారు, నేను వాడే హెచ్‌ఐవీ మందు డోలుటెగ్రావిర్‌తో దానికి గొడవ లేదు. రిటోనావిర్ అనే ఇంకో హెచ్‌ఐవీ మందు వాడేవాళ్ళు మాత్రం కొలెస్ట్రాల్ మాత్ర సొంతంగా కొనుక్కోకండి. అందులో సిమ్వాస్టాటిన్ అసలు పనికిరాదు.

ఫార్మసీ మేడమ్‌కు ప్రత్యేకంగా థాంక్స్. గ్యాస్ సిరప్ సంగతి చెబితే తల పట్టుకున్నారు. డోలుటెగ్రావిర్‌ను సిరప్‌కు రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో వేసుకోవాలట. ఇన్నాళ్ళూ రెండూ కలిపి మింగుతున్నాను!

బీడీ మానేసి ఇరవై మూడు రోజులైంది. అక్కా, మీ టిఫిన్ క్యారియర్ నా దగ్గరే ఉండిపోయింది. మందులకు వచ్చేటప్పుడు పట్టుకొస్తాను, మా ఆవిడ ఖాళీగా ఇవ్వనివ్వడం లేదు.