ఎం.ఎస్.డబ్ల్యు. పట్టా చేతికొస్తే కౌన్సెలర్ అయిపోయినట్టేనా?

సంపాదకులకు నమస్కారం.

గంజాయి పట్టివేత వార్త లేని జిల్లా పేజీ ఈ మధ్య అరుదైపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 చివర్లో ఈగల్ పేరిట మాదకద్రవ్యాల నిరోధానికి ప్రత్యేక విభాగం ఏర్పాటై, 1972 నంబరుకు ఫిర్యాదులు తీసుకుంటోంది. తెలంగాణలోనూ అదే పేరుతో పోలీసు విభాగం పనిచేస్తోంది. ఇవన్నీ కావలసినవే. అయితే తాగుడు మానలేని భర్తనో, గంజాయికి అలవాటుపడిన కొడుకునో వెంటబెట్టుకుని ఇంటివాళ్లు డీ-అడిక్షన్ కేంద్రానికి వెళ్లినప్పుడు, అక్కడ వారితో కూర్చుని మాట్లాడే కౌన్సెలర్ ఏం చదివాడు, ఆ పని ఎవరి దగ్గర నేర్చుకున్నాడు అన్న ప్రశ్నను మాత్రం ఎవరూ అడగడం లేదు. సోషల్ వర్క్ మాస్టర్స్ (ఎం.ఎస్.డబ్ల్యు.) విద్యార్థుల ఫీల్డ్‌వర్క్‌ను, అంటే క్షేత్రస్థాయి శిక్షణను చాలాకాలంగా పర్యవేక్షిస్తున్న అధ్యాపకురాలిగా ఈ విషయం మీ పాఠకుల ముందుంచుతున్నాను.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ వైద్యులు జరిపి 2019లో వెలువరించిన దేశవ్యాప్త సర్వే ప్రకారం, మద్యానికి పూర్తిగా బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక రూపంలో చికిత్స అందింది. మిగిలినవారిలో ఎందరో గోడల మీద, బస్సుల వెనుక కనిపించే ‘తెలియకుండానే తాగుడు మాన్పిస్తాం’ తరహా ప్రకటనలను నమ్ముకుంటారు. (అలాంటివి పత్రికల వర్గీకృత ప్రకటనల్లోనూ చోటు చేసుకుంటున్నాయని సవినయంగా గుర్తుచేస్తున్నాను. మద్యం ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ మాత్రను మనిషికి చెప్పకుండా కూరలో కలిపి పెడితే, ఆపైన అతను తాగినప్పుడు ప్రాణం మీదికి రావచ్చు.) ఆ ఒక్కరికైనా దొరికిన చికిత్సలో, హఠాత్తుగా మానేసినప్పటి బాధలను అదుపుచేసే మందుల పాత్ర సాధారణంగా మొదటి వారం పది రోజులదే. ఆ తరువాత నెలల తరబడి సాగవలసినదాంట్లో పెద్ద భాగం కౌన్సెలర్ పనే.

ఆ పనికి మన రాష్ట్రాల్లో ఎక్కువగా వచ్చేది ఎం.ఎస్.డబ్ల్యు. చదివినవారు. రెండేళ్ల ఈ కోర్సులో సాధారణంగా వారానికి రెండు రోజులు ఫీల్డ్‌వర్క్ ఉంటుంది. అయితే వ్యసన చికిత్స చాలాచోట్ల మెడికల్ అండ్ సైకియాట్రిక్ పేపర్లో ఒక అధ్యాయంగానే మిగిలిపోతుంది. మా విద్యార్థిని ఒకామెను ఒక కేంద్రానికి పంపితే, మొదటి వారంలోనే ఒక వార్డు మొత్తం ఆమెకు అప్పగించి ‘మీరు కౌన్సెలింగ్ ఇవ్వండి’ అన్నారు. పాత కేస్‌షీట్లు తిరగేస్తే పేజీ తరువాత పేజీలో ఒకటే వాక్యం: ‘రోగికి కౌన్సెలింగ్ ఇవ్వడమైనది, తాగవద్దని సలహా ఇవ్వడమైనది’. ఎప్పుడు తాగాలనిపిస్తోంది, జీతం చేతికొచ్చిన రోజు ఏం చేస్తాడు, పెళ్లిలో బావమరిది గ్లాసు చేతికిస్తే ఏమని తప్పించుకుంటాడు, భార్య ఇప్పటికి ఎన్ని అప్పులు తీర్చింది అన్నవి ఎక్కడా రాసి లేవు.

తాగవద్దని చెప్పడానికి చదువు అక్కర్లేదు, ఆ మాట అతని తల్లి ఇరవై ఏళ్లుగా చెబుతూనే ఉంటుంది. శిక్షణ పొందిన కౌన్సెలర్ పది ప్రశ్నల ‘ఆడిట్’ పట్టికతో తాగుడు తీవ్రతను అంచనా వేస్తాడు. మానాలన్న ఆలోచన రోగి నోటి నుంచే వచ్చేలా సంభాషణ నడుపుతాడు. అన్నిటికన్నా ముఖ్యంగా, తన పరిధి ఎక్కడ ముగుస్తుందో ఎరిగి ఉంటాడు. ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషి హఠాత్తుగా మానేశాక రెండో రోజో మూడో రోజో చేతులు వణుకుతూ, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటే అది మొండితనం కాదు, దయ్యమూ కాదు. తక్షణం డాక్టరు దగ్గరికి చేర్చకపోతే ప్రాణం పోయే స్థితి. దీన్ని పుస్తకంలో చదివితే చాలదు, అనుభవజ్ఞుల పక్కన నిలబడి చూసి నేర్చుకోవాలి.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల కలిగే మానసిక స్థితులను కూడా మానసిక అనారోగ్యంగానే గుర్తించింది. సైకియాట్రిక్ సోషల్ వర్కర్ (మానసిక చికిత్సలో పనిచేసే సోషల్ వర్కర్) అనిపించుకోవాలంటే ఎం.ఎస్.డబ్ల్యు. మీద, పర్యవేక్షణతో కూడిన రెండేళ్ల సైకియాట్రిక్ సోషల్ వర్క్ ఎం.ఫిల్. ఉండాలనీ చెప్పింది. నిర్వచనం మంచిదే, కానీ మా దగ్గర చదివినవారిలో అంతదూరం వెళ్లేవారు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మందే. పైగా విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2022లో ఎం.ఫిల్. పట్టాలను ఎత్తివేసి, సైకియాట్రిక్ సోషల్ వర్క్ ఎం.ఫిల్.లో ప్రవేశాలకు 2025-26 విద్యాసంవత్సరం దాకా మాత్రమే గడువు పొడిగించింది. ఆ ఎం.ఫిల్.కూ, ఏ శిక్షణా లేని ఉద్యోగానికీ నడుమ ఒక మెట్టు ఉండాలి.

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం ఈ మెట్టును ఎలా కట్టిందో చూడదగినది. అక్కడ వ్యసన కౌన్సెలర్‌గా పూర్తి గుర్తింపు పొందాలంటే 350 గంటల చదువు, 6,000 గంటల పర్యవేక్షిత పని అనుభవం, ఆపైన పరీక్ష ఉండాలి. సోషల్ వర్క్ వంటి రంగంలో మాస్టర్స్ పట్టా ఉంటే ఆ అనుభవంలో 4,000 గంటలు మినహాయిస్తారు, మిగతా 2,000 గంటలు మాత్రం ఎవరికైనా తప్పవు. నాకు ఇందులో నచ్చింది ఆ మిగిలిన 2,000 గంటలే. పట్టాకు గౌరవం ఇచ్చారు, పట్టా ఉంది కదా అని రోగిని అప్పగించలేదు. హైస్కూలు చదువుతో ఆగినవారికీ పూర్తి గంటలు పనిచేసి అదే గుర్తింపు పొందే దారి తెరిచే ఉంచారు. తాగుడు నుంచి తాము బయటపడి ఇతరులకు చేయూతనిస్తున్న ఎందరో ఇక్కడి కేంద్రాలకు ఆధారం. కొత్త నిబంధన ఏది వచ్చినా వారిని గెంటివేసేదిగా ఉండకూడదు.

మనకు అన్ని గంటలు ఒక్కసారిగా సాధ్యం కాకపోవచ్చు. అయితే మొదలుపెట్టడానికి చట్టం ఉంది. 2021లో వచ్చిన అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం క్లినికల్, సైకియాట్రిక్, మెడికల్ సోషల్ వర్కర్లను తన షెడ్యూలులో చేర్చింది, రాష్ట్రాల్లో మండళ్లు ఏర్పాటు చేయమంది. ఆ మండళ్ల ద్వారా వ్యసన కౌన్సెలింగ్‌కు ప్రత్యేక గుర్తింపు ఇవ్వడాన్ని ఉభయ తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ పరిశీలించాలి. విశ్వవిద్యాలయాలు ఎం.ఎస్.డబ్ల్యు. రెండో ఏడాదిలో వ్యసన చికిత్సను ఐచ్ఛిక విభాగంగా పెట్టి, ఆ ఏడాది ఫీల్డ్‌వర్క్‌ను ఒకే కేంద్రంలో, పేరున్న పర్యవేక్షకుని సంతకంతో గంటల లెక్క రాయించి జరిపించవచ్చు. పట్టా తరువాత ఒక ఏడాది పర్యవేక్షిత ఉద్యోగం, ఆపైన తెలుగులోనూ రాయగలిగే పరీక్ష పెడితే, అందులో గట్టెక్కినవారికే కౌన్సెలర్ అన్న బోర్డు పెట్టుకునే అర్హత ఇవ్వవచ్చు.

జీతం మాట ఎత్తకుండా ఇదంతా చెప్పడం న్యాయం కాదు. గుర్తింపు కోసం అదనంగా ఏడాది కష్టపడిన మనిషికి అరకొర గౌరవ వేతనమే గతి అయితే, మా విద్యార్థులు ఇప్పటిలాగే కంపెనీల హెచ్‌ఆర్ ఉద్యోగాలవైపే వెళతారు, వారిని తప్పుపట్టలేం. గుర్తింపు ఇచ్చే ఉత్తర్వులోనే వేతన శ్రేణినీ ప్రకటించాలి. అంతవరకూ ప్రతి డీ-అడిక్షన్ కేంద్రం తన కౌన్సెలర్ల చదువు, అనుభవం, పర్యవేక్షించే వైద్యుని పేరు గుమ్మం దగ్గర కనబడేలా రాసిపెట్టాలని జిల్లా యంత్రాంగాలు ఆదేశిస్తే సరిపోతుంది. దానికి కొత్త చట్టమూ అక్కర్లేదు, పైసా ఖర్చూ లేదు.

భవదీయురాలు,
సోషల్ వర్క్ అధ్యాపకురాలు,
హనుమకొండ