లాక్‌డౌన్ పెట్టేదుంటే నాలుగు రోజుల ముందు చెప్పండి

సంపాదకుల వారికి నమస్కారం.

కరోనా కట్టడికి తెలంగాణలో లాక్‌డౌన్ పెట్టబోమని మొన్న గురువారం ముఖ్యమంత్రి చెప్పారు. పెడితే ఆర్థిక వ్యవస్థ కుప్పకూలుతుందని కారణం కూడా చెప్పారు. అయినా మా వీధిలో ఎవరికీ నమ్మకం కుదరడం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 5వ తేదీ నుంచి మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ. కేరళలో నిన్న లాక్‌డౌన్ మొదలైంది. కర్ణాటక, తమిళనాడు రేపటి నుంచి. మహారాష్ట్రలో ఏప్రిల్ మధ్య నుంచే ఆంక్షలు. చుట్టూ ఇన్ని రాష్ట్రాలు మూసుకుంటుంటే ఇక్కడ ఒక్కచోట ఏమీ ఉండదంటే ఎలా నమ్మమంటారు?

దిల్‌సుఖ్‌నగర్ దగ్గర నాకు చిన్న మగ్గం వర్క్ షాపు ఉంది. పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చిన ఇద్దరు కారిగర్లు పనిచేస్తారు. వారం రోజులుగా వాళ్ళ చేతులు మగ్గం మీద, చూపు ఫోన్ మీద. సాయంత్రం అయ్యేసరికి ఒకటే ప్రశ్న, "దీదీ, లాక్‌డౌన్ లగేగా క్యా?" ఏమని చెప్పను? ఉండమంటే రేపు షట్టర్ పడితే వాళ్ళ తిండి బాధ్యత నాది. వెళ్ళమంటే ఒప్పుకున్న పెళ్ళి జాకెట్లు ఎవరు కుడతారు? పెద్దాయన బ్యాగు సర్దుకుని మగ్గం కిందే పెట్టుకున్నాడు. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌కు తీసిన టికెట్ ఇంకా వెయిటింగ్‌లో ఉంది. రంజాన్ నాటికి ఇంటికి చేరాలని ఆయన ఆశ.

నిన్న ఖమ్మం నుంచి ఒక పెళ్ళికూతురి తల్లి ఫోన్ చేసింది. జాకెట్ ఒక చేతికి జర్దోసీ అయింది, రెండో చేతికి ఇంకా ట్రేసింగ్ గీతలే ఉన్నాయి. "ఎంతవరకు అయితే అంతవరకే ఇచ్చేయండమ్మా, మళ్ళీ బస్సులు ఉంటాయో లేదో" అంది. ఫంక్షన్ హాలుకు ఇచ్చిన అడ్వాన్స్ వెనక్కి వస్తుందో రాదో తెలియక ఆ ఇంట్లో అందరికీ టెన్షన్. పెళ్ళి ఆపాలా, యాభై మందితో కానివ్వాలా, ఏదీ తేల్చుకోలేకపోతున్నారు.

అలాగని అందరూ లాక్‌డౌన్ వద్దంటున్నారని కాదు. మా పై అంతస్తులో ఒకావిడ భర్తకు ఆక్సిజన్ బెడ్ కోసం ఒక రాత్రంతా తెలిసినవాళ్ళకూ తెలియనివాళ్ళకూ ఫోన్లు చేస్తూనే ఉంది. "ఇంకా ఎప్పుడు పెడతారు, నెల కిందటే పెట్టాల్సింది" అంటుంది. ఆవిడ మాటకు ఎదురు చెప్పే నోరు నాకు లేదు. అదే మెట్ల దగ్గర మా పనిమనిషి మాత్రం "పోయినేడు నాలుగిళ్ళల్ల మూడిళ్ళోళ్ళు రావద్దన్నరమ్మా, ఒక్కింటోళ్ళే జీతమిచ్చిండ్రు" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇద్దరిదీ న్యాయమైన భయమే. ఒకరిది ప్రాణభయం, ఇంకొకరిది కూటి భయం. వీటితో పాటు జనంలో కోపం కూడా ఉంది. నాగార్జునసాగర్ ఉప ఎన్నిక సభలు ఆగలేదు. ఏప్రిల్ 30న వరంగల్, ఖమ్మం కార్పొరేషన్ల పోలింగ్ ఆగలేదు. ఇప్పుడు కూలి పని ఒక్కటే ఆపమంటే కడుపు మండదా?

లాక్‌డౌన్ తప్పదని డాక్టర్లు అంటే నేను కాదనను, షాపు మూస్తాను. నా గోడంతా అది వచ్చిపడే తీరు గురించే. 2020 మార్చి 24 రాత్రి ఎనిమిదింటికి ప్రధాని టీవీలో చెప్పారు, అర్ధరాత్రి నుంచి దేశమంతా బంద్. నాలుగు గంటల్లో ఎవరు ఏం సర్దుకోగలరు? మర్నాడు హైదరాబాద్‌లో హాస్టళ్ళు ఖాళీ చేయమన్నారు. పిల్లలు పోలీస్ స్టేషన్ల ముందు బారులు తీరి పాసులు తీసుకుని బయల్దేరితే, ఆంధ్రా సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆపేశారు. ఇక్కడివాళ్ళు వెళ్ళమన్నారు, అక్కడివాళ్ళు రావద్దన్నారు. వలస కూలీల సంగతి అందరికీ తెలిసిందే. దేశంలో మొదటి శ్రామిక్ రైలు మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు కదిలింది. కానీ అది మే 1న. అప్పటికి ఎంతమంది రోడ్ల వెంట నడిచిపోయారో!

ఆ రోజుల్లోనే మన ప్రభుత్వం ఒక మంచి పని చేసింది, అది కూడా చెప్పాలి. మార్చి 22న రాష్ట్రంలో లాక్‌డౌన్ ప్రకటిస్తూనే తెల్ల కార్డు ఉన్నవాళ్ళకు మనిషికి 12 కిలోల బియ్యం, కార్డుకు 1,500 రూపాయలు ఇస్తామన్నారు. తర్వాత వలస కార్మికులకూ 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇచ్చారు. సరిపోయిందా అంటే లేదు, కానీ ఆ మాట వినగానే జనానికి కాస్త ధైర్యం వచ్చింది. ఈసారి కేంద్రం మే, జూన్ నెలలకు మనిషికి 5 కిలోల బియ్యం ఉచితమని చెప్పింది. ప్రైవేటు టీచర్లకు రాష్ట్రం నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తోంది. మరి దర్జీలు, కారిగర్లు, పనిమనుషులు, ఆటోవాళ్ళ మాటేమిటి? ఇక్కడ కార్డు లేని బెంగాల్, బిహార్ వాళ్ళ సంగతేమిటి? అప్పుల వాయిదాల విషయమూ అంతే. పోయినేడు ఆగస్టు 31 దాకా మారటోరియం అన్నారు, వడ్డీ మాత్రం ఆగలేదు. మా మెషిన్ లోను ఆ ఆరు నెలల భారంతోనే ఇంకా నడుస్తోంది. ఇంటి అద్దెకు, షాపు అద్దెకు మారటోరియం కూడా లేదు.

ఢిల్లీలో ఈ ఏప్రిల్ 19న మధ్యాహ్నం లాక్‌డౌన్ అని చెప్పి రాత్రి పదింటి నుంచే అమలు చేశారు. ఆరు రోజులే, ఎవరూ ఊరు విడిచి వెళ్ళొద్దని ముఖ్యమంత్రి చేతులు జోడించి అడిగినా, ఆ సాయంత్రానికే ఆనంద్ విహార్ బస్టాండు జనంతో కిక్కిరిసిపోయింది. ఒకసారి దెబ్బతిన్నవాళ్ళు మాటలతో ఆగరు. ఆ ఆరు రోజులు ఇప్పటికీ పూర్తికాలేదు. ఆ గుంపుల్లో వైరస్ ఎంతమందికి అంటిందో ఎవరు లెక్కపెడతారు? చెప్పాపెట్టకుండా మూసేస్తే రోగం ఆగకపోగా రైళ్ళెక్కి ఊళ్ళకు పోతుంది.

మన దగ్గర రాత్రి 9 తర్వాత అమలులో ఉన్న కర్ఫ్యూ ఈ నెల 15తో ముగుస్తుంది. ఆ తర్వాత ఏమిటన్నది కనీసం నాలుగు రోజుల ముందే ప్రభుత్వం ప్రకటించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఏ గంట నుంచి ఏ గంట వరకు షాపులు తెరవచ్చో, పెళ్ళికి ఎంతమందో, ఆస్పత్రికీ వ్యాక్సిన్‌కూ వెళ్ళేవాళ్ళకు పాసు కావాలో వద్దో, బియ్యం, డబ్బు ఎవరికి ఎప్పుడు ఇస్తారో అన్నీ ఆ ప్రకటనలోనే ఉండాలి. ఊళ్ళకు పోదలచిన కార్మికులకు సికింద్రాబాద్ నుంచి అదనపు రైళ్ళు వేయమని రైల్వేను ఇప్పుడే అడగాలి. ఉండిపోయేవాళ్ళకు కార్డుతో పనిలేకుండా ఆధార్ చూసి బియ్యం ఇవ్వాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్
9 మే 2021