స్వాతికి అమ్మ ఉత్తరం

స్వాతీ తల్లీ,

ఇక్కడ నల్లకుంటలో అందరం క్షేమం. నాన్న మోకాలి నొప్పి కాస్త తగ్గింది. పెళ్లిలో నిన్ను చూసొచ్చిన శారద పిన్ని, నీ మెడ వెనక బాగా నల్లబడిందని చెప్పింది. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు, పని ఎక్కువైందేమో.

ఆ నలుపు మురికి కాదమ్మా, పీచుతో రుద్దకు. ఒంట్లో ఇన్సులిన్, అంటే రక్తంలో చక్కెరను అదుపు చేసే హార్మోన్, ఎక్కువైనప్పుడు చర్మం అలా మందమై నల్లబడుతుంది. పదిసార్లు పిలిస్తేగానీ పలకని పిల్లల్లా కండరాలు, కాలేయం ఇన్సులిన్‌ మాట వినవు, దీన్నే ఇన్సులిన్ రెసిస్టెన్స్ అంటారు. దాంతో క్లోమగ్రంథి ఇంకా ఎక్కువ వదులుతుంది. ఆ అదనపు ఇన్సులిన్‌తో చక్కెర అదుపులోనే ఉంటుంది, అందుకే ఏళ్ల తరబడి షుగర్ పరీక్షలో ఏమీ తేలదు.

చిన్నమావయ్య సంగతే చూడు. ప్రెస్సులో రాత్రి డ్యూటీ, సన్నటి మనిషి, పొట్ట మాత్రం ముందుకొచ్చింది. పరగడుపు షుగర్ ఏటా 95, 97 వచ్చేది. 'నాకేం' అంటూ ఇరానీ చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్లు ముంచుకునేవాడు. ఇంకెందుకో కడుపు స్కాన్ తీస్తే ఫ్యాటీ లివర్, కాలేయంలో కొవ్వు చేరిందన్నారు. రక్తంలో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వూ ఎక్కువే. మరుసటేడు షుగర్ 118కి ఎక్కింది. 100 నుంచి 125 దాకా ఉంటే ప్రీడయాబెటిస్, అంటే షుగర్ జబ్బుకు ముందు మెట్టు. అత్తయ్య పట్టుబట్టి రోజూ పొద్దున్నే బాగ్‌లింగంపల్లి సుందరయ్య పార్కుకి నడకకు తీసుకెళ్లింది, డ్యూటీ మార్పించింది, అన్నం తగ్గించి పప్పూ కూరా పెంచింది. ఏడాది తిరిగేసరికి వందలోపుకి దిగాడు. నడుస్తున్నప్పుడు కండరాలు ఇన్సులిన్ సాయం లేకుండానే చక్కెర తీసుకుంటాయి కదా.

నీకు నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తోందన్నావు. అది పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి తప్పే సమస్య) అయితే దానికీ ఈ ఇన్సులిన్ రెసిస్టెన్స్‌కీ చుట్టరికమే. పెళ్లి మాట ఎత్తడానికి రాయడం లేదు, భయపడకు. లావుగా లేనుగా అంటావు. మనవాళ్లకు బరువు పెద్దగా లేకపోయినా పొట్ట లోపల కొవ్వు చేరుతుంది. ఆడవాళ్లకు నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి, టేపు పెట్టి చూసుకో. అర్ధరాత్రి దాటేదాకా ల్యాప్‌టాప్ ముందు కూర్చోకు. నిద్ర చాలకపోయినా ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు. రాత్రి పదింటికి బిర్యానీ తెప్పించుకోకు.

మెడ సంగతి దాచకుండా డాక్టరమ్మకి చూపించు. పరగడుపు షుగర్ ఒక్కటే చాలదు. రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్, థైరాయిడ్ కూడా చేయించుకో. ముందు రోజు రాత్రి తొందరగా తినేసెయ్, ఆ తర్వాత మంచినీళ్లే.

శనివారం బాబాయి బెంగుళూరు వస్తున్నాడు. కందిపొడి, వేయించిన శనగలు, కొర్రలు పంపుతున్నా. సున్నుండలు పంపడం లేదు. రిపోర్టులు ఫోటో తీసి నాన్నకు కాదు, నాకే పంపు.

మీ అమ్మ