సంత నడిచాకే నగదు

సంపాదకుల వారికి,

వరద సాయమంతా నేరుగా ఖాతాల్లో వేసేస్తే పోతుంది కదా, ఈ బియ్యం, పప్పుల మూటల మోత ఎందుకని ఈమధ్య చాలామంది అంటున్నారు. గోదావరీ శబరీ కలిసే చోట ఉంటున్నవాడిగా నాలుగు మాటలు.

2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. అప్పుడు 2014లో తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిపిన మా విలీన మండలాల్లో కుటుంబానికి 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం, పప్పు, నూనె ఇచ్చారు. పక్కనే తెలంగాణలో 10,000 ప్రకటించారు. ఆ తేడా గురించి ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు.

నగదు మంచిదే. ఒకరికి బీపీ మాత్రలు కావాలి, ఒకరికి కొట్టుకుపోయిన గిన్నెలు, ఇంకొకరికి పిల్లల పుస్తకాలు. ఇవి మూటలో రావు. డబ్బిస్తే తాగేస్తారనేవాళ్లు గుట్ట మీద టార్పాలిన్ కింద ఒక్క రాత్రి పడుకుని మాట్లాడితే బాగుంటుంది. అంత అనుమానముంటే ఇంటి ఆడవాళ్ల చేతికివ్వండి.

కానీ రోడ్డు మునిగిన మొదటి వారం పది రోజులు ఆ డబ్బుతో ఏం కొంటాం? సంత ఉండదు, కిరాణా కొట్టే నీళ్లలో ఉంటుంది. పడవ మీద తెచ్చి అమ్మేవాడు చెప్పిందే రేటు. ఆ రోజుల్లో బియ్యం, పప్పు, కొవ్వొత్తులే కావాలి. సంత మళ్లీ మొదలయ్యాక నగదుకు మారాలి.

అదైనా ఖాతాలో వద్దు. మా పక్కింటి పెద్దావిడ ఉపాధి కూలి 1,800 తీసుకోవడానికి మూడుసార్లు తిరిగింది. తునికాకు కోసి కోసి అరిగిన వేళ్లు, మిషన్ ముద్ర తీసుకోలేదు. రెండోసారి సర్వర్ లేదన్నారు. ఆటోకి పోనూ రానూ 200 చొప్పున 600 దారిలోనే అయిపోయాయి. వరదల్లో కరెంటు, సిగ్నల్ రెండూ పోతాయి, ఇక చెప్పేదేముంది.

ఒకటో తారీఖున పింఛను సచివాలయం సిబ్బంది ఇంటికే తెచ్చి చేతిలో పెడుతున్నారు. జాబితా ఉంది, మనుషులున్నారు, దారి తెలుసు. వరద సాయం కూడా అలాగే ఇవ్వొచ్చు. దాంతోపాటు సరుకు తడిసిపోయిన చిన్న కొట్లవాళ్లకి ముందుగా కొంత అప్పు ఇప్పించాలి. వాళ్ల దగ్గర సరుకు లేకపోతే మా చేతిలో డబ్బున్నా ఒకటే. ఏ ఊరికి ఎన్నాళ్లు సరుకులు, ఎప్పటినుంచి నగదు అన్నది ఎమ్మార్వో ఆఫీసులో జూన్‌లోపే రాసిపెట్టమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
కూనవరం మండలం