విగ్రహం ఏమైంది, నాటకానికి ఎంతైంది: కమలాబాయి చందాల జమా ఖర్చు

మిర్యాలగూడలో, చుట్టుపక్కల ఊళ్లలో చందా ఇచ్చిన అందరికీ నమస్కారం.

సురభి నాటకాల్లో పెరిగి మొదటి తెలుగు టాకీలో నటించిన సురభి కమలాబాయి పేరు మీద 2023 సెప్టెంబరు నుంచి మేం వసూలు చేసిన డబ్బు ఎంత, 2024 ఫిబ్రవరి 10 శనివారం రాత్రి ఎన్‌ఎస్‌పీ (నాగార్జునసాగర్ ప్రాజెక్టు) క్యాంపు గ్రౌండులో నాటకం వేయించడానికి ఖర్చయింది ఎంత, మిగిలింది ఎంత అనేది ఈ కాగితం. లెక్కలు రాసింది నేను, కాబట్టి తప్పులుంటే నావి. ముందు అందరూ అడుగుతున్న మాటకే వస్తాను. "విగ్రహం పెడతమని పైసలు తీసుకున్నరు, విగ్రహం ఏది?" హనుమాన్‌పేటలో చాయ్ తాగుతుంటే కూడా ఇదే అడుగుతున్నారు. అడగడం న్యాయమే. రసీదు పుస్తకం మీద 'విగ్రహ నిధి' అని అచ్చు వేయించింది మేమే.

వచ్చిన డబ్బు ఇదీ:

రసీదుల మీద నగదు (241 రసీదులు): రూ. 1,12,350
ఫోన్‌పే, గూగుల్‌పే ద్వారా: రూ. 68,400
నాటకం రోజు గేటు దగ్గర పెట్టిన హుండీ: రూ. 9,615
బ్యాంకు వడ్డీ: రూ. 412
మొత్తం జమ: రూ. 1,90,777

రసీదు పుస్తకాలు మూడు, ఒక్కోదాంట్లో నూరు. మిగిలిన 59 ఖాళీ రసీదులను అడ్డంగా గీత కొట్టి దాచాం. అక్టోబరు 9న ఎన్నికల షెడ్యూలు రాగానే ఇంటింటికీ తిరగడం ఆపేశాం. యాభై వేలకు మించి నగదు చేతిలో ఉంటే దారిలో ఆపి లెక్క చూపమంటారు. రసీదు పుస్తకం చూపించి నాటకాల అమ్మ గురించి పోలీసులకు వివరించే ఓపిక మాలో ఎవరికీ లేదు. ఫోన్‌పే వాటా పెరగడానికి కారణం అదే. రైస్ మిల్లుల వాళ్లు డబ్బుకు బదులు 25 కిలోల బియ్యం బస్తాలు నాలుగు ఇచ్చారు. వాటికి వెల కట్టలేదు. మూడు బస్తాలు వంటకు పోయాయి, ఒకటి పిల్లల హాస్టల్‌కు ఇచ్చి సంతకం తీసుకున్నాం.

ఇక విగ్రహం సంగతి. రోడ్ల మీద, కూడళ్లలో కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వవద్దని సుప్రీంకోర్టు 2013లోనే రాష్ట్రాలకు చెప్పింది. ఈ ముక్క మాకు చందాలు మొదలుపెట్టాక తెలిసింది. ముందే కనుక్కోవాల్సింది, కనుక్కోలేదు. ఎవరి స్థలంలోనైనా లోపల పెట్టుకుందాం అనుకుని శిల్పికి 25,000 అడ్వాన్సు ఇచ్చాం. అసలు చిక్కు అక్కడే వచ్చింది. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఏ వయసు మొఖం చెయ్యాలె?"

మాకు జవాబు లేదు. కమలాబాయి మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి. ఆ సినిమా 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైంది. ఈ రోజు చూద్దామంటే దాని ప్రింటు దొరకదు. పాత పత్రికల్లో వచ్చిన ఫొటో పెద్దది చేస్తే చుక్కలు తప్ప ముక్కు కనపడలేదు. స్పష్టంగా దొరికేది 1951 నాటి 'పాతాళ భైరవి'లో తోటరాముడి తల్లి పాత్ర. శిల్పి దాన్ని చూసే మట్టితో తల చేశాడు, బాగానే చేశాడు. చూడటానికి వచ్చిన పెద్దమ్మ ఒకామె, "ఈమె తోటరాముని అవ్వ గదా, ఈమెకెందుకు విగ్రహం?" అన్నది. పక్కనున్న పెద్దాయన, డేరా నాటకాల రోజులు చూసినాయన, కమలాబాయి అంటే మగవేషం కట్టి కిరీటం పెట్టుకున్న ఆమె అని, అలా చేస్తేనే ఒప్పుకుంటానని కూర్చున్నాడు. ఆయన చెప్పిందీ తప్పు కాదు. చిన్నప్పుడు కృష్ణుడు, ప్రహ్లాదుడు, లోహితాస్యుడు వేసి పెరిగిన మనిషి ఆమె, పెద్దయ్యాక మగపాత్రలూ వేసింది. మొత్తం మీద ఒక మొఖం మీద పదిమంది ఒప్పుకోలేదు. శిల్పి మట్టి పనికి 10,000 ఉంచుకుని 15,000 తిరిగి ఇచ్చాడు. ఆ పదివేలు మా తొందరపాటు ఖర్చు. దాన్ని ఇంకే పద్దులోనూ కలపకుండా విడిగా చూపిస్తున్నాం.

డిసెంబరులో కూర్చుని నాటకం వేయిద్దామని తేల్చుకున్నాం. విగ్రహానికని ఇచ్చిన డబ్బు నాటకానికి వాడాలంటే ఇచ్చినవాళ్లను అడగాలి. ఫోన్ నంబర్లు ఉన్న అందరికీ చెప్పాం, వద్దనేవాళ్లు జనవరి 10 లోపు రసీదు చూపించి డబ్బు వెనక్కి తీసుకోవచ్చన్నాం. 11 మంది తీసుకున్నారు, మొత్తం 14,500. వాళ్లలో ఒకాయన నాటకం రోజు ముందు వరుసలో కూర్చుని, పోయేటప్పుడు హుండీలో ఐదు వందలు వేశాడు. పేరు రాయను, ఆయనకు తెలుసు.

కమలాబాయికీ మిర్యాలగూడకూ సంబంధం ఏంటని కూడా కొందరు అడిగారు. చుట్టరికం ఏమీ లేదు. సురభి నాటకం పుట్టింది కడప జిల్లా సురభి గ్రామంలో. 1885లో వనారస గోవిందరావు 'కీచక వధ'తో మొదలుపెట్టాడు. కానీ ఆ మొదటి టాకీలో కమలాబాయి పాడిన 'పరితాప భారంబు' పాట రాసింది చందాల కేశవదాసు, మన పక్కనే ఖమ్మం జిల్లా జక్కేపల్లి మనిషి. ఇక డేరాలు వేసుకుని ఊళ్లు తిరిగిన నాటకం కాబట్టి, చూసిన ప్రతి ఊరూ దాన్ని తనదే అనుకుంటుంది. మిగతా నాటక సమాజాల్లో ఆడవేషం మగవాళ్లు కడుతున్న కాలంలో సురభిలో ఆడవాళ్లే స్టేజీ ఎక్కారు. మొదటి టాకీకి దర్శకుడు హెచ్.ఎం.రెడ్డి ఆ కుటుంబాల దగ్గరికే ఎందుకు పోయాడో దీన్నిబట్టే అర్థమవుతుంది. పాడగలగాలి, పద్యం తడబడకుండా చెప్పగలగాలి, అందులో ఆడమనిషి అయి ఉండాలి. అప్పట్లో అలాంటివాళ్లు దొరికే చోటు అదే. అదే 1932లో ఆమె 'పాదుకా పట్టాభిషేకం'లో సీత, 'శకుంతల'లో శకుంతల. తర్వాత బొంబాయిలో సాగర్ మూవీటోన్ హిందీ సినిమాల్లో చేసింది. చివరికి తెలుగులో తల్లి వేషాలు. 1971లో పోయింది. కరపత్రంలో ఇదంతా రాద్దామంటే, "ఇంత రాస్తే ఎవరు సదువుతరు" అని సగం కొట్టేశారు. అందుకే ఇక్కడ రాశాను.

ఖర్చుల్లో పెద్దది బృందానికి ఇచ్చిన 75,000. హైదరాబాదు లింగంపల్లి సురభి కాలనీ నుంచి 42 మంది వచ్చారు, పిల్లలు కాక. 'మాయాబజార్' వేశారు. తెరలు, రథం, పెట్టెలు తెచ్చిన లారీకి రానుపోను 16,000. స్టేజీ, టెంటు, ఆరు వందల కుర్చీలు 24,500. ఇంకో రెండు వందల కుర్చీలు చెప్పి ఉండాల్సింది, చాలామంది ఇటుకల మీద కూర్చున్నారు. మైకు, లైట్లు, జనరేటరు డీజిలు 14,200. కూరగాయలు, నూనె, పప్పు, వంటమనుషుల కూలి 11,860. ఫ్లెక్సీలు, కరపత్రాలు, ఆటో మైకు 5,750. గ్రౌండు ఫీజు, మర్నాడు ఊడ్పించడం 3,000. రసీదు పుస్తకాలు, జిరాక్సు 1,150.

ఆటోలకు 2,600 ఏంటని అడిగారు. బస్సు ఫ్రీ అయ్యాక ఇలాంటివాటికి ఆడవాళ్లు ఎక్కువగా వస్తున్నారు. ఆ రోజు వేములపల్లి, దామరచర్ల వైపు నుంచి సాయంత్రం బస్సుకు వచ్చినవాళ్లకు రాత్రి పదికి తిరుగు బస్సు లేదు. ముసలమ్మలు, చంకలో పిల్లలు. గ్రౌండులో వదిలేసి మేం ఇంటికి పోలేం కదా. నాలుగు ఆటోలు, ఒక్కోదానికి 650.

ఇక పాలు, 140 రూపాయలు. లెక్కలు చూసిన సభ్యుడు ఒకరు దీని కింద ఎర్రగీత కొట్టి ప్రశ్న గుర్తు పెట్టారు. ఏడున్నర అవుతుండగా జనరేటరు వైరు చూడటానికి నేను స్టేజీ వెనక్కి పోయాను. రెండు వెదురు బొంగుల మధ్య చీరతో ఉయ్యాల కట్టి ఉంది, అందులో ఏడెనిమిది నెలల పాప గుక్కపట్టి ఏడుస్తోంది. తల్లి సుభద్ర వేషంలో ఉంది, మెడ నిండా పూసల హారాలు. ఒక చేత్తో ఉయ్యాల ఊపుతూ ముందు జరుగుతున్న పద్యం వింటోంది, ఎందుకంటే ఆ పద్యం అయిపోగానే ఆమె స్టేజీ మీదికి పోవాలి. తెచ్చుకున్న పాలు విరిగిపోయాయట. మావాడొకడు బండి మీద సాగర్ రోడ్డుకు పోయి రెండు పాకెట్లు, హోటల్ నుంచి ఫ్లాస్కులో వేడినీళ్లు తెచ్చాడు. అతను వచ్చేసరికి ఆమె స్టేజీ మీద ఉంది. పాలు పట్టింది ఘటోత్కచుడు, మీసాలు తడవకుండా పాపను దూరంగా పట్టుకుని. కమలాబాయి తల్లి వెంకూబాయి దమయంతి వేషంలో ఉండగానే నొప్పులొచ్చి స్టేజీ మీదే ఆమెను కన్నదని, చూసేవాళ్లు అదీ నాటకంలో భాగమే అనుకున్నారని సురభి వాళ్లు చెప్పుకుంటారు. కరపత్రంలో కొట్టేసిన సగంలో ఇదీ ఉంది. సదరు సభ్యుడు ఇదంతా విని ప్రశ్న గుర్తు కొట్టేశారు, ఎర్రగీత మాత్రం అలాగే ఉంది.

శిల్పి ఉంచుకున్న పదివేలు, వెనక్కి ఇచ్చిన 14,500 కూడా కలిపి మొత్తం ఖర్చు రూ. 1,78,700. మిగులు రూ. 12,077. ఇందులో 11,400 బ్యాంకులో, 677 నా దగ్గర నగదు.

రెండు విషయాలు దాచకుండా చెప్పాలి. మేకులు, తాళ్లు, బైండింగు వైరు కొన్న 870 రూపాయల బిల్లు పోగొట్టుకున్నాను. అది ఖర్చులో చూపలేదు, నా జేబులోంచి పోయినట్టే. రెండోది, నాటకం ఆరింటికి అని ఆరు యాభైకి మొదలుపెట్టాం. ఆలస్యం వక్తల వల్ల, వాళ్లను పిలిచింది మేం. పది తర్వాత మైకు వాడకూడదు కాబట్టి బృందం పెద్దాయన లోపలే నిలబడి సీన్లు కుదించాడు. లడ్డూలు ఎగిరి ఘటోత్కచుడి నోట్లో పడే సీను అందరూ చూశారు, కానీ పెళ్లి సీను పరుగులో అయిపోయింది. వచ్చేసారి వక్తలు ఒద్దు అని తీర్మానం రాసుకున్నాం, నలుగురు వక్తలే సంతకం పెట్టారు.

మిగిలిన డబ్బు ఏం చేయాలన్నది ఇంకా తేలలేదు. మళ్లీ నాటకానికి దాచమని కొందరు, కమలాబాయి ఫొటో ఫ్రేము కట్టించి లైబ్రరీలో పెట్టమని కొందరు. ఫొటో అంటే మళ్లీ ఏ వయసు ఫొటో అనే గొడవ వస్తుందని నా టెన్షన్. వచ్చే ఆదివారం ఉదయం 9 నుంచి 11 దాకా క్యాంపు గ్రౌండు గేటు దగ్గర రసీదులు, బిల్లులు, బ్యాంకు పుస్తకంతో కూర్చుంటాను. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు, మిగులు గురించి అక్కడే చెప్పవచ్చు.

గ్రౌండు ఊడ్చేటప్పుడు చిన్నపిల్ల వెండి పట్టీ ఒకటి దొరికింది, మువ్వలు మూడు ఊడిపోయి ఉన్నాయి. అది కూడా నా దగ్గరే ఉంది. దాని జోడు పట్టీ తెచ్చి చూపించి తీసుకుపోండి.