ఆయాలు ఆలస్యమవుతున్నారు, కారణం ఇదీ

మా దగ్గర్నుంచి పిల్లల్ని చూసుకునే మనిషిని పెట్టుకున్న కుటుంబాలన్నిటికీ,

ఈ నెల నుంచి ఫుల్‌టైమ్ ఆయా కావాలంటే ఆలస్యమవుతుంది. ఇదివరకు వారంలో పంపేవాళ్లం, ఇప్పుడు నెల పట్టొచ్చు, ఇంకాస్త ఎక్కువే పట్టొచ్చు. మన విశాఖలో, ఎంవీపీ కాలనీ, మధురవాడ వైపు "వాళ్లకి మనుషులు దొరకట్లేదట, మూసేస్తారట" అనుకుంటున్నారని నా చెవిన పడింది. మూసెయ్యడం లేదు. మనుషుల్ని తెచ్చే ఏజెంటుని నేనే మానిపించాను.

శ్రీకాకుళం, పార్వతీపురం వైపు పల్లెల నుంచి మాకు ఆయాల్ని తెచ్చేది ఆయనే. మొదట్లో మంచి మనుషుల్నే తెచ్చాడు, కాదనను. నిరుటి నుంచి వరస మారింది. ఆయా ఒక ఇంట్లో కుదురుకుని, బిడ్డ మాలిమి అయ్యేసరికి వాళ్లమ్మకి ఒంట్లో బాగుండదు, లేదా అన్న పెళ్లి కుదురుతుంది. ఊరికని వెళ్లిన మనిషి తిరిగి రాదు. ఇదంతా మూడు నెలల గ్యారంటీ దాటాకే. మీరు మళ్లీ ఫీజు కట్టాలి, ఆయనకి మళ్లీ కమీషన్ రావాలి. అదే ఆయా కొన్నాళ్లకి గాజువాకలోనో కూర్మన్నపాలెంలోనో ఇంకొకరింట్లో కనబడేది. అనుమానమే గాని నా చేతిలో ఆధారం లేదు. చివరికి ఒకామె నోరు విప్పింది.

ఎండాడలో ఏడాది నిండని బాబుని చూసుకుంటోంది. రాత్రి పదింటికి ఏజెంటు ఫోన్ చేసి "పొద్దున్నే అమ్మకి బాలేదని చెప్పి వచ్చెయ్, వేరే ఇల్లు చూశాను" అన్నాడట. రానంటే ఆధార్ కార్డు ఇవ్వనన్నాడట. కార్డూ ఆయన దగ్గరే, మొదటి నెల జీతమూ ఆయన దగ్గరే. ఆమె నేరుగా మా ఆఫీసుకొచ్చి, సంచిలోంచి క్యాలెండర్ కాగితం ఒకటి తీసి నా బల్ల మీద పెట్టింది. వెనక పెన్సిల్‌తో రాసుంది: "పదకొండుకి ఉగ్గు. పడుకోబెట్టేటప్పుడు వీపు నిమరాల. కుడి చెవి ముట్టుకుంటే ఏడుస్తాడు." "నా తర్వాత వచ్చేదానికి ఇది ఇవ్వండమ్మా" అంది.

బిడ్డ గురించి ఇంత తెలిసిన మనిషిని కమీషన్ కోసం పీక్కుపోతున్నాడంటే నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె కార్డు ఆమెకి ఇప్పించి, ఆ సాయంత్రమే ఎండాడకి పంపించేశాం. ఇప్పటికీ అక్కడే ఉంది.

అయినా ఏజెంటుని వదులుకోవడం తేలిక కాలేదు. మా ఆయాల్లో ఎక్కువమంది ఆయన తెచ్చినవాళ్లే. మా ఇంట్లోవాళ్లు కూడా సర్దుకుపొమ్మన్నారు. సర్దుకుపోదామనే కూర్చోబెట్టి మాట్లాడాను. "నేను లేకపోతే ఈ ఊళ్లో మీకు ఒక్క ఆయా కూడా రాదు మేడమ్" అన్నాడు. కంచరపాలెం సందుల్లో ఇల్లిల్లూ తిరిగి, ఒక్కో మనిషినీ వెతికి ఈ పని మొదలుపెట్టినదాన్ని నేను. అప్పుడు ఆయనెవరో కూడా నాకు తెలియదు. ఆ మాటతో ఇంక లెక్క చూసుకోలేదు, ఆ రోజే తెగతెంపులు చేసుకున్నాను.

మీలో చాలామంది తల్లులు ప్రసూతి సెలవు అయిపోయే ముందు వస్తారు. 2017 నుంచి ఆ సెలవు 26 వారాలైంది కాబట్టి, అప్పటికి బిడ్డకి నాలుగు నుంచి ఆరు నెలలుంటాయి. ఎవరెత్తుకున్నా పోయే వయసు. ఎనిమిదో నెల వచ్చేసరికి కొత్త ముఖం చూస్తే బెదురుతారు, అలవాటైన మనిషి కనబడకపోతే తల్లడిల్లుతారు, ఏడాది దాటాక కూడా. మూడు నెలలకోసారి ఆయాని మార్చే ఈ బేరం సరిగ్గా ఆ పసివాళ్ల మీదే పడుతోంది. అందుకే ఆలస్యానికైనా ఒప్పుకున్నాను గాని దీనికి ఒప్పుకోలేకపోయాను.

ఇకనుంచి జీతం మీ దగ్గర్నుంచి నేరుగా ఆయా బ్యాంకు ఖాతాకే. ఒరిజినల్ ఆధార్ ఆమె దగ్గరే ఉంటుంది, మేం నకలే తీసుకుంటాం. పోలీస్ వెరిఫికేషన్ ఎప్పటిలాగే. వారానికో రోజు సెలవు తప్పదు. స్టీల్‌ప్లాంటు షిఫ్టుల వాళ్లకి ఇంకో మాట: పగలంతా బిడ్డని చూసిన మనిషిని రాత్రి కూడా మేలుకోమంటే కుదరదు, రాత్రికి వేరే మనిషిని అడగండి.

"చిన్నపిల్లయితే చెప్పినట్టు వింటుంది, పదమూడేళ్లదైనా పర్లేదు" అని కొందరు అడుగుతున్నారు. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని ఇంటిపనికి పెట్టుకోవడం 2006 నుంచే నిషేధం. మేం పద్దెనిమిది నిండనివాళ్లని తీసుకోం. ఆ మాట నన్ను మళ్లీ అడగొద్దు.

ముందే ఫీజు కట్టి, ఆగలేనివాళ్లకి మొత్తం డబ్బు వెనక్కి ఇచ్చేస్తాను, ఒక్క రూపాయి పట్టుకోను. ఆగేవాళ్లకి వరస ప్రకారం పంపుతాం. ఎవరు సిఫార్సు చేసినా వరస మారదు.

సంక్రాంతికి ఆయాలందరూ ఊళ్లకి వెళ్తారు. ఆ నాలుగు రోజులకి బదులు మనుషులు మా దగ్గర ఉండరు. అమ్మమ్మనో నాయనమ్మనో ఇప్పుడే అడిగి పెట్టుకోండి.